ప్రభువు బల్ల మీద లేచిన పొర

మా చిన్నప్పుడు... తుఫాను వెలిసిన మర్నాడు, మా ఊరి చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల మీది తెల్లగుడ్డ ఎత్తి చూసి మా నాన్న అలాగే నిలబడిపోయాడు.

బల్ల పైన అతికించిన పలచటి టేకు పొర వాన నీళ్లకు నాని, బుడగలు బుడగలుగా ఉబ్బిపోయింది. అంచుల్లో అయితే ఎండిన అరటి పట్టలా పైకి లేచింది. దాన్ని వినీర్ అంటారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

చీరాల దగ్గర చిన్న ఊరు మాది. చర్చి ఊడవడం, గంట కొట్టడం, తలుపులు కిటికీలు వేయడం నాన్న పని. తుఫాను మొదలైన సాయంత్రం "కిటికీలన్నీ వేసి రా అమ్మా" అని తాళంచెవి నా చేతికిచ్చాడు. అన్నీ వేశాను... బల్ల పక్కన ఉన్నదానికి గడియ పడలేదు. గాలి హోరుకు భయమేసి పరుగెత్తుకొచ్చేశాను. వాన కురిసిన రెండు రోజులూ నాకు ఆ కిటికీయే కళ్లముందు. నోరు మాత్రం తెరవలేదు.

నాన్న బల్లను చూసిన రోజు సాయంత్రమే సంఘ పెద్దలు వచ్చి చూశారు. వాళ్లలో పెద్దాయనకు కోపం ఆగలేదు.

"ఏందయ్యా ఏసోబూ, కిటికీ వేసే పని కూడా చేతకాదా నీకు?"

"తప్పు నాదేనండి" అన్నాడు నాన్న.

"ఆదివారం బల్ల ఆరాధన. ఈలోగా బాగుచేయించు. లేదంటే పనికి ఇంకో మనిషిని చూసుకుంటాం."

స్తంభం వెనక నిలబడి అంతా విన్నాను.

మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే చర్చికి వెళ్లాను. లేచిన పొరంతా పీకేస్తే బల్ల బాగైపోతుందనుకున్నాను. అంచు పట్టుకుని బలంగా లాగాను. ఫెళ్లుమని చీలింది. అరచేతిలో పేడు దిగింది. పొరతో పాటు కింది చెక్క కూడా వేలెడంత లేచొచ్చింది.

"లాగమాకే అమ్మాయ్!"

గుమ్మంలో నాన్న, అరిచింది పక్కనున్న వీరమ్మత్త. అత్త అంటే చుట్టరికం కాదు, పక్క వీధిలో ఉండే వడ్రంగి ఆచారి గారి భార్య. ఆయన పోయి ఏడాది అయింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. గాజుకున్న పిన్నీసు తీసి, ముందు నా చేతిలో పేడు తీసింది. తర్వాత బల్ల చుట్టూ తిరిగి చూసింది.

"ఆయన చేస్తుంటే పక్కన కూర్చుని చూట్టమే గానీ, ఉలి నా చేతికిచ్చింది లేదు. చూద్దాం, ఏమాత్రం వచ్చో" అంది.

కరెంటు ఇంకా రాలేదు. నాన్న ఎవరినో అడిగి బొగ్గుల ఇస్త్రీ పెట్టె తెచ్చాడు. అమ్మ ఇంట్లోంచి నిప్పులు, పాత దుప్పటి ముక్క, అట్లకాడ పంపింది. తడిపి పిండిన దుప్పటి ముక్కను బల్ల మీద పరిచి, దానిపైన ఇస్త్రీ పెట్టె మెల్లగా జరిపింది అత్త. గుప్పున ఆవిరి... లోపలి పాత జిగురు కరిగి ముక్కు పగిలే వాసన. అప్పుడు అట్లకాడను పొర కిందికి తోసి, చెక్క గీతల వెంటే నెట్టింది. ఇందాక నాకు గుచ్చుకున్న పొర, ఈసారి మెత్తగా లేచొచ్చింది.

"జిగురు వదిలిందాకా ఓపిక పట్టాలి. అది వదలకుండా మనం లాగితే చెక్క ఏడుస్తది" అని అట్లకాడ నా చేతికిచ్చింది.

రెండు రోజులు పట్టింది. మిగిలిన జిగురును వేడినీళ్ల గుడ్డతో తుడవడం నా పని. తుడుస్తూ తుడుస్తూ ఇక దాచుకోలేకపోయాను.

"అత్తా... ఆ కిటికీ వెయ్యంది నేనే."

ఆవిడ చెయ్యి ఆగలేదు.

"మీ నాన్నకు తెలుసులేవే. నా దగ్గరికొచ్చి ఏమన్నాడనుకున్నావ్? 'అక్కా, బల్ల సంగతి అట్టా ఉంచు. పిల్ల రెండ్రోజుల్నించి సరిగ్గా అన్నం తినట్లా. దాని చేతికి ఏదో ఒక పనియ్యి' అన్నాడు."

వెనక్కి తిరిగి చూశాను. నాన్న కిటికీకి కొత్త గడియ బిగిస్తున్నాడు. వినబడనట్టే ఉన్నాడు. వెళ్లి పక్కన నిలబడ్డాను.

"నాన్నా..."

"ఆ మేకు ఇటియ్యమ్మా" అన్నాడు. అంతే. ఆ రోజు మధ్యాహ్నం కడుపునిండా అన్నం తిన్నాను.

బల్లను నీడలో ఆరబెట్టి, గరుకు ఉప్పు కాగితంతో రుద్ది, అవిసె నూనె పట్టించాం. పొర కింద ఉన్నది టేకు కాదు, మామూలు వేప చెక్క. నూనె తాగి ఎర్రగా, నిండుగా తేలింది. నేను పీకిన చోట గుంటను అత్త చెక్కపొట్టు, జిగురు కలిపి పూడ్చింది. మచ్చ మాత్రం పోలేదు.

ఆదివారం తెల్లగుడ్డ పరచబోతుంటే పాస్టరయ్యగారు ఆపారు. "ఇవాళ గుడ్డ వద్దు" అని, రొట్టె, గిన్నె ఆ చెక్క మీదే పెట్టారు. నాన్నను కోప్పడ్డ పెద్దాయన ముందుకొచ్చి, అరచేత్తో బల్లను నిమిరి "ఎవరు చేశారయ్యా?" అని అడిగాడు.

"వీరమ్మక్కండీ. మా అమ్మాయి సాయం" అన్నాడు నాన్న.

ఆ వారం నుంచే వీరమ్మత్త ఇంటి ముందుకు కుర్చీలు, బీరువాలు రావడం మొదలైంది. గోనెసంచిలో మూటకట్టిన ఆచారి గారి ఉలి, చిత్రిక బయటికొచ్చాయి. తర్వాత చాలా ఏళ్లు ఆవిడ వాటితోనే బతికింది. గౌరవంగా బతికింది.

ఇప్పుడు నాన్నా, వీరమ్మత్తా ఇద్దరూ లేరు. నాకిప్పుడు ఇద్దరు పిల్లలు. వాళ్లు ఏదైనా పాడుచేస్తే ముందు నా నోరే లేస్తుంది... తప్పు ఎవరిదో తెలిసి కూడా, దాన్ని తన మీద వేసుకుని, పిల్ల చేతికి పనిచ్చి ఊరుకునే ఓపిక మా నాన్నకు ఎక్కణ్నించి వచ్చిందో! మాకు ఎందుకు లేకుండా పోయిందో...

మీ చిన్నప్పుడు కూడా, తిట్టకుండా మిమ్మల్ని దిద్దినవాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వాళ్ల పేరు ఒక్కసారి ఇక్కడ రాయండి... ఇవాళంతా కూర్చుని చదువుకుంటాను.