స్వప్న చెప్పిన పుట్టినరోజు

2012లో మేడ్చల్‌లోని ఓ దినపత్రిక కార్యాలయంలో పనిచేసేవాణ్ణి. జ్వరమని సెలవు పెట్టిన మా డీటీపీ ఆపరేటర్ యాదగిరి, శామీర్‌పేట చెరువు దగ్గర బామ్మర్దులతో దావత్ చేసుకుంటున్న ఫొటోను ఫేస్‌బుక్‌లో పెట్టాడు. మర్నాడే మేనేజర్ మెమో ఇచ్చారు. సరైన సంజాయిషీ లేకపోతే ఉద్యోగం పోతుందట.

"దోస్తులకే కనబడేటట్టు పెట్టిన అన్నా! సార్‌కు ఎట్ల దెలిసింది?" అన్నాడు యాదగిరి.

అతని స్నేహితుల జాబితా చూశాను. ఫేస్‌బుక్‌లో మా ఆఫీసువాళ్లందరికీ స్నేహితురాలైన స్వప్న అందులోనూ ఉంది. ముఖం ఉండాల్సిన చోట గులాబీ.

"ఎవరీమె?"

"ఏమో అన్నా, రిక్వెస్ట్ వస్తే ఒప్పుకున్న."

ఆ వారంలోనే, జూలై ఒకటిన, స్వప్న నాకు పుట్టినరోజు శుభాకాంక్షలు పంపింది. నేను పుట్టింది డిసెంబరులో. ఫేస్‌బుక్‌లో పెట్టిందీ అదే. జూలై ఒకటి, బడిలో చేర్చుకున్నప్పుడు పంతులు తోచినట్టు రాసిన తేదీ. మా ఆఫీసులో అది మేనేజర్ బీరువాలోని నా ఫైలులో మాత్రమే ఉంది.

"థాంక్యూ సార్" అని జవాబు పంపి, అద్దాల గదివైపు చూశాను. మేనేజర్ కంప్యూటర్ మీంచి తలెత్తి నన్ను చూసి, చటుక్కున దించుకున్నారు.

సాయంత్రానికి ఫేస్‌బుక్‌లోంచి స్వప్న మాయమైంది. మెమో మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

"మీ పంతులు నన్ను బతికిచ్చిండే!" అన్నాడు యాదగిరి.

అబద్ధమాడింది అతనే. అయినా, ఆ గులాబీ చాటు నుంచి మేనేజర్ మా గురించి ఇంకా ఏమేం చూశారోనని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.