ఆ రోజు బండి నడిపిందెవరు

నా రిపేరు కొట్లో కూర్చుని, ఒకావిడ ఇచ్చిన సెల్‌ఫోనుకి అద్దం మారుస్తుంటే వాడి ఫోనొచ్చింది. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. ఇద్దరిదీ మలికిపురమే. అయినా మాటలు లేక ఏళ్ళయింది.

"ఒరే, స్టేషన్లో ఉన్నాన్రా. తొందరగా రా," అన్నాడు. నాలుక మడతపడుతోంది.

రాజోలులో ఎవరిదో పెళ్ళి భోజనానికి వెళ్ళి, పట్టపగలే తాగి, తిరిగొస్తూ రోడ్డు పక్కనున్న కొబ్బరికాయల రాశి మీదికి కారు ఎక్కించేశాడట. కాయలు దొర్లుకుంటూ కాలవలో పడ్డాయి. మనుషులకేమీ కాలేదు. పోలీసులు వచ్చేసరికి వీడు కారు దిగి నిలబడి ఉన్నాడు. మిషన్లో ఊదిస్తే తాగినట్టు తేలింది. అప్పుడు, తాగిన మాట నిజమేగాని కారు నడిపింది తన స్నేహితుడనీ, మెకానిక్కుని పిలవడానికి వెళ్ళాడనీ చెప్పాడు. ఆ స్నేహితుణ్ణి నేను.

"నువ్వొచ్చి నేనే నడిపేనని చెప్పరా. నీకు తాగుడు అలవాటు లేదు, నిన్నేం చేస్తారు? మా మావగారొచ్చి కూచున్నారు. ఆయన ముందు పరువు పోతాది."

"వస్తున్నాను," అన్నాను.

ఫోను పెట్టేసి, ఆవిడకి రేపు రమ్మని చెప్పాను. స్నేహితుడు తాగి దొరికిపోతే ఏం చెయ్యాలి? వెళ్ళాలి. నేను కొట్టు మూసేసి, స్కూటరెక్కి తొందరగా వెళ్ళాను.

డిగ్రీ అయ్యాక నాకు దుబాయిలో ఉద్యోగం కుదిరింది. వీసా కూడా వచ్చింది. వెళ్ళేముందు పార్టీ ఇస్తానని వీడే తన మోటారుసైకిలు మీద తీసుకెళ్ళాడు. వాడు తాగాడు, నేను తాగలేదు. బండి నేను నడుపుతానంటే తాళం ఇవ్వలేదు. కాలవ గట్టు మలుపులో వంతెన గోడకి గుద్దేశాడు. వెనక కూర్చున్న నా ఎడమ మోకాలు నుజ్జయింది. ఆసుపత్రిలో నాకు తెలివొచ్చేసరికి ఊళ్ళో కథ తయారైపోయింది: బండి నడిపింది నేనట, వాడు నెమ్మదిగా పొమ్మన్నా వినలేదట. నేను నిజం చెబితే ఎవరూ చెవిన పెట్టలేదు. మా అమ్మ కూడా వాణ్ణే నమ్మింది. ఉద్యోగం పోయింది. 'చేతులారా పాడుచేసుకున్నావు' అని అమ్మ అన్నప్పుడల్లా నాకు వాడి గొంతు పట్టుకోవాలనిపించేది.

స్టేషన్లో వాడు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా మీద పప్పుచారు మరకలు. పక్కన వాళ్ళ మావగారు. నన్ను చూసి వాడు కళ్ళతోనే బతిమాలాడు.

"కారు మీరే నడిపేరా అండి?" అనడిగారు ఎస్సైగారు.

నేను ప్యాంటు మోకాలి పైదాకా లాగాను.

"ఈ కాలు వంగదండి. క్లచ్ తొక్కలేను. నాకసలు కారు నడపడమే రాదండి."

అంటూ వాడి ముఖం చూశాను. వాడు నిజంగా మర్చిపోయాడు. నా కాలు విరిచి, విరిచిన సంగతే మర్చిపోయాడు! వాడి మీద ఏ మూలైనా జాలి మిగిలి ఉంటే ఆ క్షణంలో అదీ పోయింది.

"కాలికేమైందండి?" అన్నారు మావగారు.

"మీ అల్లుడుగారు తాగి బండి నడిపితే విరిగిందండి. అప్పుడూ నేనే నడిపేనని ఊరంతా చెప్పేరు."

ఆయన వాడి వైపు తిరిగారు. "నిజమేనా అల్లుడుగారూ?"

వాడు చొక్కా మీది మరకని గోటితో గోకుతున్నాడు.

"నోరు తెరిచి చెప్పండి."

"ఆయ్... నిజమేనండి."

ఎస్సైగారు కేసు రాశారు. కారు అక్కడే ఉంచేశారు. పిలిచినప్పుడు కోర్టుకి తీసుకొస్తామని ఎవరైనా సంతకం పెట్టి వాణ్ణి తీసుకెళ్ళొచ్చన్నారు. మావగారు లేచి, "నేను పెట్టనండి," అని వెళ్ళిపోయారు. నేను పెట్టాను.

"ఎంతైనా నువ్వు ఫ్రెండువిరా," అన్నాడు వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

నేను సంతకం పెట్టింది అందుకు కాదు. పక్క చక్రాలున్న నా స్కూటరు వెనక వాణ్ణి కూర్చోబెట్టుకుని, జనం కిటకిటలాడే సెంటర్ మీదుగా నెమ్మదిగా పోనిచ్చాను. సందుల్లోంచి పోదామని బతిమాలాడు. వినలేదు. టీకొట్టు దగ్గర ఒకాయన ఆపి, "ఈయన కారేదండి?" అనడిగాడు.

"స్టేషన్లో ఉందండి. తాగి నడిపి దొరికేరు," అన్నాను, పక్కవాళ్ళకి కూడా వినబడేలా.

వాళ్ళింటి మలుపు దాటి మా ఇంటి ముందు ఆపాను. అమ్మ వీధరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది.

"చెప్పు," అన్నాను.

వాడు స్కూటరు దిగి అరుగు దగ్గరికి నడిచాడు. "పిన్నిగారూ, ఆ రోజు బండి నేనే నడిపేనండి," అన్నాడు.

అమ్మ చేతులు ఆగిపోయాయి. వాణ్ణి వదిలేసి నా వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ చెప్పలేదేంరా?" అంది.

"చెప్పేనమ్మా. నువ్వే నమ్మలేదు."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. దగ్గరికెళ్ళి ఓదార్చాలని నాకనిపించలేదు. నా మనసులోని కసి వాడి ఒక్కడి మీదే కాదని అప్పుడే తెలిసింది.

కోర్టులో వాడికి జరిమానా వేశారు, లైసెన్సు కొన్నాళ్ళు ఆపేశారు. మావగారు కారు తన ఇంటికి తోలించుకుపోయారు. అమ్మ మాత్రం ఇంకా ఊరుకోలేదు. పాలవాడికి, పక్కింటి వాళ్ళకి, బస్సులో పక్క సీటులో కూర్చున్న ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా, అడక్కపోయినా, ఆ రోజు బండి నడిపింది మావాడు కాదండీ అని మొదలుపెడుతుంది. చాల్లేమ్మా అని నేనింతవరకూ అనలేదు.