వెనక సీటుకి సరిపడా గాలి

మా ఆవిడ పోయింది. నాట్లు అయిపోయి, కాలవల నిండా ఎర్రనీళ్లు పారుతున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం, చల్లపల్లిలో మా ఇంట్లోనే పోయింది. పాస్టరుగారు ప్రార్థనలో "నిద్రించారు" అన్నారు. ఆయన మాట ఆయనది. బతుకంతా నర్సుగా చేసిన మనిషి ఆవిడ. ఆసుపత్రిలో ఎవరైనా పోతే ఇంటివాళ్ల ఎదురుగా నిలబడి "పోయారండీ" అని చెప్పేది. దానికి ఇంకో మాట వెతికేది కాదు. నేనూ అలాగే రాస్తున్నాను.

ఇది చదివేవాళ్లలో అవనిగడ్డ, కోడూరు వైపు వాళ్లుంటే ఆవిడ మీకు తెలిసే ఉంటుంది. సిస్టరమ్మ అనేవారు. మీలో కొందరిని మొదట చేతుల్లోకి తీసుకున్నది ఆవిడే అయ్యుండొచ్చు. ఆ పని గురించి చెప్పగలిగినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను కాలవల ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు దగ్గరగా తెలిసింది ఆవిడ కారు సంగతి. అది రాస్తాను.

గుడివాడలో ఒక డాక్టరుగారు అమ్మేస్తుంటే కొన్నాం. చిన్న కారు, తెల్లది. వేళాపాళా లేని డ్యూటీకి బస్సుల కోసం నిలబడలేక కొన్నది. ఇంటికి తెస్తూ పామర్రు దగ్గర బంకులో గాలి పెట్టించాను. గాలి కొట్టే అతను మమ్మల్ని ఏమీ అడగలేదు. నాలుగు చక్రాలకీ ముప్పై అయిదు పాయింట్లు కొట్టి, టైరు మీద అరచేత్తో చరిచి, "రాయిలా ఉందండీ" అన్నాడు. మా వైపు అది మెచ్చుకోలు.

డెల్టాలో కారున్న రైతు డిక్కీలో బియ్యం బస్తా లేకుండా ఊరు దాటడు. కూతురింటికో, బందరులో చదివే పిల్లల గదికో, ఎక్కడికో అక్కడికి బస్తా వెళ్తూనే ఉంటుంది. అందుకని ఏ కారొచ్చినా బంకుల్లో బస్తాల లెక్కనే గాలి కొడతారు. బస్తా దింపేసి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు దాన్ని తగ్గించాలని ఎవరికీ తోచదు. నాకూ తోచలేదు. కూచిపూడి దాటేదాకా కారు ప్రతి గతుక్కీ ఎగిరెగిరి పడింది.

"ఏవండీ, డిక్కీలో ఏముంది?" అంది.

"స్టెప్నీ ఉంది. ఏం?"

"మరి ఈ గాలి ఎవరికి కొట్టించారు?"

"గట్టిగా ఉంటే పెట్రోలు కలిసొస్తుంది."

"పెట్రోలు కలిసొస్తుంది, నడుం విడిపోతుంది. నేనంటే ఒక బస్తా ఉంటాను, ఒప్పుకుంటాను. మీరు ముప్పావు బస్తా కూడా లేరు. మనిద్దరికీ లారీ గాలెందుకండీ?"

కారు ఆపించింది. డ్రైవరు వైపు తలుపు తీసి, లోపలి అంచున అంటించిన కాగితం చూపించింది. ఇద్దరు ముగ్గురు కూర్చుంటే ఇరవై ఆరు. నిండా మనుషులూ సామానూ ఉంటే వెనక చక్రాలకి ఇంకాస్త. "మందు సీసా మీద రాసింది చదవకుండా పక్కింటావిడ చెప్పిన డోసు వేసుకునేవాళ్లని రోజూ చూస్తుంటాను. ఇంట్లో కూడా ఒకరున్నారని తెలీదు" అంది.

తర్వాత బందరు వెళ్లినప్పుడు గాలి చూసే గేజి కొనుక్కొచ్చింది. పెన్ను కంటే కొంచెం లావు. బీపీ మిషను ఉండే సంచీలోనే అదీ ఉండేది. పొద్దున్నే, కాఫీకి ముందు, కుచ్చెళ్లు ఎగదోపుకుని చక్రం పక్కన గొంతుక్కూర్చునేది. ఒకసారి నేను ఘంటసాల దాకా వెళ్లొచ్చి, వచ్చీరాగానే గేజి పెట్టి చూసి, ఎక్కువుంది తీసేస్తానన్నాను. లోపల్నుంచే కేకేసింది.

"పరిగెత్తుకొచ్చిన మనిషికి బీపీ చూస్తారా? కాసేపు కూర్చోనివ్వండి దాన్ని."

తిరిగిన టైరు వేడెక్కుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది, గేజి ఎక్కువ చూపిస్తుంది. అది చూసి తీసేస్తే తెల్లారి చల్లబడ్డాక తక్కువైపోతుంది. ఆవిడ చెప్పాక తేలికగానే అర్థమైంది. అంతకుముందు ఎందుకు ఆలోచించలేదో తెలియదు.

ఆ కారులో ఎందరో పురిటికి వెళ్లారు. వెనక సీట్లో నొప్పులు పడే మనిషి, ఒక పక్క తల్లి, ఇంకో పక్క అత్తగారు, కాళ్ల దగ్గర బొంతలు, ఫ్లాస్కు. అలాంటి ప్రయాణానికి ముందు వెనక చక్రాలకి పంపు పెట్టి గాలి పెంచేది. మర్నాడు మళ్లీ తగ్గించేది. నాకు విసుగనిపించేది. "నిన్ననేగా పట్టావు" అంటే, "నిన్న నలుగురమండీ, ఇవాళ నేనొక్కదాన్నే" అనేది. గాలి కారుకి కాదని, కూర్చునేవాళ్లకని ఆవిడ లెక్క.

కోడూరు అవతల ఒక పల్లె నుంచి ఒకమ్మాయిని తీసుకురావాల్సి వచ్చింది. రోడ్డు కాలవ గట్టు మీద. వానకి గట్టంతా వండ్రు బురద. ఆ రోజు నేనూ వెంట ఉన్నాను. అమ్మాయి అత్తగారు కారు చుట్టూ తిరిగి, "కాస్త గాలి తీసెయ్యమ్మా సిస్టరమ్మా, మెత్తగా వెళ్తది. పిల్లకి కుదుపు తెలవదు" అంది.

"వెళ్తుంది పెద్దమ్మా, మెత్తగానే వెళ్తుంది. మలుపు దగ్గర మెత్తగా కాలవలోకి కూడా వెళ్తుంది. నీకు ఈతొచ్చా?"

పెద్దావిడ బొంత సర్దుకుని ఎక్కింది. అవనిగడ్డ దాకా మా ఆవిడ నిదానంగా నడిపింది. ఆడపిల్ల పుట్టింది. కాగితం మీద రాసినదానికంటే తగ్గించకూడదన్నది ఆవిడ దగ్గర చివరిదాకా నిలిచిన నియమం అని నేననుకునేవాణ్ణి.

ఆవిడకి క్యాన్సరు వచ్చింది. అది వెన్నులోకి పాకిందని డాక్టర్లు చెప్పారు. బెజవాడ తీసుకెళ్లి కరెంటు, అంటే రేడియేషను, పెట్టించాలన్నారు. నేను నడిపేవాణ్ణి. ఆవిడ వెనక సీట్లో దిండ్లు పెట్టుకుని సగం వాలి ఉండేది. ఆ ఏడు మొవ్వ దగ్గర రోడ్డు బాగా పాడైంది. మొదటిసారి వెళ్తున్నప్పుడు ఒక గతుకు తప్పించలేకపోయాను. అద్దంలో చూశాను. ఆవిడ కళ్లు మూసుకుని, పై పెదవి మీద చెమటతో ఉంది. నొప్పికి అరిచేవాళ్లని ఆవిడ తన జీవితంలో ఎప్పుడూ కసరలేదు. తను మాత్రం అరవదు.

తర్వాతి ప్రయాణానికి ముందు అడిగాను.

"గాలి కొంచెం తగ్గిస్తాను."

"వద్దు. టైర్లు పాడైపోతాయి."

"పాడైతే కొంటాను."

"పేలితే?"

"నలభైలో నడుపుతాను."

ఆవిడ పైకి చూసింది. డాక్టరుకి కబురు చెయ్యాలా వద్దా అని ఆలోచించేటప్పుడు అలాగే పైకి చూసేది. చివరికి, "రెండు తగ్గించండి. అంతకంటే వద్దు. పామర్రులో ఒకసారి, ఉయ్యూరులో ఒకసారి దిగి టైరు పక్కన చెయ్యి పెట్టి చూడండి. మరీ వేడిగా ఉంటే ఆగిపోదాం" అంది.

అలాగే చేశాను. ఇరవై నాలుగు. పామర్రులో దిగి, నాలుగు టైర్ల పక్కలూ అరచేత్తో పట్టి చూసేవాణ్ణి. టీకొట్టు దగ్గర జనం నావైపు వింతగా చూసేవారు. కిటికీ లోంచి ఆవిడ అడిగేది.

"జ్వరం ఉందా?"

"లేదు. గోరువెచ్చగా ఉంది."

"అయితే పదండి."

ఆ చలికాలమంతా అలా గడిచింది. నాకు ఆ రోడ్డు మీద ప్రతి గతుకూ ఎక్కడుందో తెలుసు. మొవ్వ ముందు తూము దగ్గర ఎడమ చక్రం పడుతుంది. అది తప్పిస్తే కుడి చక్రం పడుతుంది. వెనక బస్సులవాళ్లు హారన్ కొట్టేవారు. ఒకడు పక్కకొచ్చి, "ఏం మావా, పెళ్లికూతుర్ని తీసుకెళ్తున్నావా?" అన్నాడు. వెనక సీట్లో ఆవిడ నవ్వింది. "అవునని చెప్పండి" అంది. నేను చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

ఎండలు ముదిరాయి. ఒక రోజు పొద్దున్న కారు దగ్గర గేజి పట్టుకుని కూర్చున్నాను. పక్కింటివాళ్లు ఇద్దరు ఆవిణ్ణి కుర్చీతో సహా మోసుకొచ్చి కారు పక్కన దించారు. ఆవిడ కాసేపు చక్రం వైపు చూసింది.

"ఏవండీ."

"ఊఁ."

"ఇంకో రెండు తగ్గించండి."

అంతకుముందు డాక్టర్లు నాకు చాలా చెప్పారు. ఫిల్ములు దీపానికి ఎత్తి చూపించారు. అవన్నీ విన్నాను, తల ఊపాను. వాళ్లు చెప్పింది నాకు తెలిసింది మాత్రం అప్పుడు, ఆవిడ నోటివెంట ఆ మాట విన్నప్పుడు. వాల్వు మీద గోరు నొక్కి పట్టాను. గాలి సన్నగా వెళ్లిపోయింది. ఇద్దరం ఆ చప్పుడు వింటూ ఉన్నాం. "చాలు" అని ఆవిడే చెప్పింది.

ఇరవై రెండుతో వెళ్లాం, వచ్చాం. వేగం ముప్పై దాటించలేదు. తర్వాత డాక్టర్లు ఇక రానక్కర్లేదన్నారు. కారుకి పని లేకుండా పోయింది.

ఆవిడ పోయాక చుట్టాలు వచ్చారు, వెళ్లారు. వంటమనిషి ఒక పూట వచ్చి రెండు పూటలకీ వండి వెళ్తుంది. సాయంత్రం గుమ్మంలో కూర్చుంటే దారినపోయేవాళ్లు "బాగున్నారాండీ" అంటారు. బాగున్నానంటాను. ఒక్కోరోజు నేను మాట్లాడేది ఆ ఒక్క మాటే. కారు గోడ పక్కన పరదా కింద ఉండేది. అమ్మమని ఇద్దరు అడిగారు. అమ్మలేదు.

మొన్న ఎదురింటాయన వచ్చాడు. వాళ్లమ్మాయిని మొవ్వ నుంచి పురిటికి తీసుకురావాలి. "బండి ఒక్క పూట ఇప్పిస్తారా మావయ్యగారూ?" అని, అడగకూడనిది అడిగినట్టు నిలబడ్డాడు. టైర్లు చూపించుకొచ్చి నేనే నడుపుతానన్నాను.

బందరు తీసుకెళ్లాను. టైర్ల షాపతను జాకీ ఎత్తి, ఒక చక్రం ఊడదీసి, వెలుతురులోకి తిప్పి చూశాడు.

"ఏంటి సార్ ఇది? అంచులు రెండూ తినేశాయి. మధ్యలో చూడండి, కొత్తదాన్లా ఉంది. గాలి తక్కువ పెట్టి తిప్పారండీ చాన్నాళ్లు."

"అవును."

"డ్రైవరు చూసుకోలేదా?"

"నేనే నడిపాను."

అతను మర్యాదస్తుడు. కొంచెం గొంతు తగ్గించి, "గేజి ఒకటి కొనుక్కోండి సార్. ఎక్కువుండదు" అన్నాడు. సరే అన్నాను.

కొత్తవి నాలుగూ వేశాడు. గాలి ఎంత పెట్టమంటారని అడిగాడు. ముందు చక్రాలకి ఇరవై ఆరు చెప్పాను. వెనక ముగ్గురు ఆడవాళ్లు కూర్చుంటారు, సామానుంటుంది, కొంచెం పెంచమన్నాను. అతను అలాగే పెట్టాడు.

పాత టైర్లు కింద పడి ఉన్నాయి. వంగి ఒకదాని మీద చెయ్యి వేశాను. రెండు అంచులూ అద్దంలా నున్నగా ఉన్నాయి. మధ్య గాడిలో కంకర ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. గోటితో తియ్యబోయాను. రాలేదు.

"అవి ఇక్కడే వదిలెయ్యండి సార్" అని అతను ఒక్కొక్కదాన్నీ వెనక గోడ వైపు దొర్లించాడు. మూడు వెళ్లి గోడకి ఆనుకున్నాయి. నాలుగోది అంతదాకా వెళ్లలేదు. దారిలో వేగం తగ్గి, పక్కకి వాలి, నేల మీద గుండ్రంగా ఊగుతూ, ఆ ఊపు చిన్నదై, ఇంకా చిన్నదై, ఆగింది.