సీసాలోని దవడ

ఒకే ఒక్క మాట. 'అవును' అన్నాను. ఇన్నేళ్లుగా అది గొంతులో ముల్లులా ఉండిపోయింది. మీకైనా చెప్పుకోవాలి.

అప్పుడు నేను వరంగల్‌లో హౌస్‌సర్జన్ని. సాంచెలని పిలిచే మరమగ్గాల వాడల్లో గుట్కాకు అలవాటుపడిన పిల్లల్లో ఒకరిని మాలో ఒక్కొక్కరికి అప్పగించారు. వారం వారం కలవాలి, మాట్లాడాలి, మాన్పించాలి. నాకు వచ్చిన పిల్ల రజిత. ఏం చెప్పినా నవ్వేది. "సాంచెల మోతకు తల పగుల్తది సారూ, నువ్వొచ్చి జర నిలబడు, నువ్వే గుట్కా అడుగుతవ్" అనేది.

మాటలతో కాదని ఒకరోజు కాలేజీ మ్యూజియానికి తీసుకెళ్లాను. భయపెట్టాలంటే మేమందరం చేసే పనే అది. సీసాలో, పచ్చబడిన నీళ్లలో, క్యాన్సర్ తినేసిన దవడ. రజిత నవ్వు ఆగిపోయింది. తండ్రిని ఈ దవాఖానకే తెచ్చారని, దవడ తీసేసినా బతకలేదని చెప్పింది. కాల్చేటప్పుడు కూడా ముఖం మీది బట్ట తియ్యనివ్వలేదట.

"గిది మా నాయినదా సారూ?"

అది ఒక ఆడమనిషిదని నాకు తెలుసు. పాఠంలో ప్రొఫెసర్ చెప్పారు. పేరు మాత్రం ఎవరికీ తెలియదు. కానీ ఆ పిల్ల కళ్లలో భయం చూశాను. ఇంతకంటే మంచి అదను దొరకదనుకున్నాను.

"అవును."

ఆ రోజుతో గుట్కా మానేసింది. నన్ను వేదిక మీదికి పిలిచి మెచ్చుకున్నారు. నిజం చెబితే ఆమె మళ్లీ మొదలుపెడుతుందని భయపడ్డానా, నా మెప్పు పోతుందని భయపడ్డానా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఇప్పుడు అదే కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ప్రతి పెత్రమాసకు, చనిపోయినవాళ్లకు అన్నం పెట్టే ఆ అమావాస్యకు, రజిత వస్తుంది. సీసా ముందు టిఫిన్ డబ్బా మూత తీసి పెట్టి, కాసేపు నిలబడి వెళ్లిపోతుంది. తర్వాత నేనూ ఆ దవడా మిగులుతాం. వంకాయకూర వాసన, ఫార్మలిన్ వాసన కలిసిపోతాయి. ఒక ఏడు గోడవైపు ఉన్న పళ్లు మరుసటి ఏడు నావైపు తిరిగి కనిపిస్తాయి. నీళ్లలో కదిలి ఉంటాయి, అంతే. కానీ ఆ సీసాను ముట్టేది నేనొక్కడినే. నేను తిప్పలేదు. వేరెవరి కోసమో వండిన అన్నం ముందు ఆ పేరు తెలియని ఆడమనిషి ఇన్నేళ్లు ఎలా ఉందో? ఆమెకు పెట్టాల్సినవాళ్లు ఎక్కడున్నారో?

మొన్న పెత్రమాసకు రజిత కూతురిని తెచ్చింది. ఆ పిల్ల సీసాలోకి చాలాసేపు చూసి, "అమ్మా, నిజంగ తాతదేనా?" అని అడిగింది.

"సారును అడుగు బిడ్డా. సారుకే ఎర్క."

పిల్ల నావైపు తిరిగింది. ఆ పళ్లూ నావైపే ఉన్నాయి.

"అవును" అన్నాను మళ్లీ.

కాదు. అది తాతది కాదు. రజితకు ఇంకా చెప్పలేదు, చెప్పగలనో లేదో తెలియదు. కానీ ఈ 'కాదు' రాశాక గొంతులో ఆ ముల్లు కొంచెం కదిలింది.