నార్మల్ అని తేలిన నొప్పి

నా రిపోర్టులన్నీ నార్మల్ అని వచ్చిన వారం మా ఆయన నన్ను గుణదల కొండ ఎక్కించాడు. మేం హిందువులమే, కానీ విజయవాడలో మొక్కుకోవడానికి అదేమన్నా అడ్డమా? దీనికి ఏ జబ్బూ లేదని తేలితే కొవ్వొత్తి వెలిగిస్తానని మేరీమాతకు మొక్కుకున్నాడట. తేలింది కదా, ఆ సంతోషంలో ఆయన ముందు చకచకా వెళ్తున్నాడు. మెడ నుంచి మడమల దాకా సలుపుతుంటే నేను వెనకాల ఒక్కో మెట్టుకూ ఆయన్ను ఒక్కో తిట్టు తిట్టుకుంటూ ఎక్కాను.

నిజం చెప్పాలంటే ఆ రిపోర్టులు చూసి నాకు ఏడుపొచ్చింది. ఎముక అరిగిందనో, రక్తంలో ఏదో తేడా ఉందనో రాసి ఉంటే ప్రాణం హాయిగా ఉండేది. చేతికి కట్టు కట్టుకున్నవాళ్లను చూసి కుళ్లుకున్న మనిషిని నేను. పొద్దున లేచేసరికి ఎవరో చితకబాదినట్టుండేది ఒళ్లు. పది దాటాక మా బట్టల కొట్లో కూర్చుని, నవ్వు మొహంతో చీరలు విప్పి చూపించేదాన్ని. "కొట్లో ఉంటే బానే ఉంటావుగా," అనేవాడు మా ఆయన. వెటకారమైనా కాదు, మామూలుగానే అనేవాడు. వినీ వినీ నాకే అనుమానం పట్టుకుంది, నాకు తెలియకుండా నేనే నటిస్తున్నానేమోనని. నొప్పికంటే దానికే ఎక్కువ భయపడ్డాను.

ఆఖరికి ఒక కీళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. బీపీ చూద్దామని ఆవిడ నా జబ్బకు పట్టీ చుట్టి గాలి నింపుతుంటే "అమ్మా" అని చేయి లాక్కున్నాను.

"బీపీకి కూడా ఇంత రాద్ధాంతమా," అన్నాడు మా ఆయన, సిగ్గుపడిపోయి.

"మీరిలా కూర్చోండి సార్," అని ఆవిడ అదే పట్టీ ఆయనకు చుట్టారు. నేను అరిచినప్పుడు మీటరు మీదున్న అంకె దాటాక కూడా గాలి నింపుతూనే, "నొప్పిగా ఉందాండీ?" అని అడిగారు.

"బిగుతుగా ఉందండీ, అంతే."

ఆవిడ తలూపి, నా భుజాలూ నడుమూ నొక్కి చూశారు. నిద్ర గురించి, నీరసం గురించి, మా అమ్మకు ఇలాంటి నొప్పులున్నాయా అని చాలాసేపు అడిగారు. అన్నీ విన్నాక, ఇది ఫైబ్రోమయాల్జియా అని ఒళ్లంతా నొప్పులు పెట్టే జబ్బు అన్నారు.

"ఒంటికి ఏది తగిలినా ఆ కబురు వెన్నుపాము గుండా మెదడుకు వెళ్తుందండీ. మెదడు కూడా కిందికి కబురు పంపుతుంది, పర్లేదు, ఊరుకో అని. పసిపిల్లను జోకొట్టినట్టు రోజంతా జోకొడుతూనే ఉంటుంది. ఈవిడకు ఆ జోకొట్టడం సరిగ్గా జరగట్లేదనుకుంటున్నాం. కొందరికి చర్మంలో సన్నటి నరాలు పలచబడి కనిపిస్తాయి. ఇంకొందరిలో ఒంట్లోని రక్షణ వ్యవస్థే నరాల్ని రేపుతోందేమోనని అనుమానం. ఇదే కారణమని ఒక్కటి చూపించేంత మాకింకా తెలీదు."

నేను మా ఆయన వైపు చూశాను. మణికట్టుకు ఒరుసుకునే వాచీ, పొట్టలోకి దిగిన బెల్టు, కింద చెక్క బల్ల. ఏదీ ఆయనకు తెలియడం లేదు. నొప్పి లేకపోవడమంటే లోపల ఏమీ జరగకపోవడం అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆయన ఊరికే అలా కూర్చోవడానికి లోపల ఎంత పని జరుగుతోంది! కిటికీలోంచి చూస్తే రోడ్డు మీద ఆటోల్లో ఒకరి మీద ఒకరు ఇరుక్కుని, సిటీ బస్సులకు వేలాడుతూ పోతున్న జనం. అందర్నీ లోపల ఏదో జోకొడుతూనే ఉంది, ఒక్కరికీ ఆ సంగతి తెలియదు. నాకు ఒళ్లు జలదరించింది. ఇది నా జబ్బు సంగతని కాసేపు మర్చేపోయాను.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "అంటే మేడం, తను నటించట్లేదంటారా?"

నాకు కోపం రావాలి. రాలేదు. ఇంతమంది డాక్టర్ల దగ్గర నోటి దాకా వచ్చి నేను అడగలేకపోయిన మాట అదే.

ఆవిడ కుర్చీ నా వైపు తిప్పుకుని, "లేదమ్మా, మీరు నటించట్లేదు," అన్నారు.

అక్కడే, ఆయన పక్కనే, బావురుమన్నాను.