అమ్మ చీరచెంగును కూడా వదలని ప్రభక్క

ప్రభక్క లేదట.

నిన్న పొద్దున భవానీపూర్ మెట్రో మెట్లు ఎక్కుతుంటే వాళ్ల తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పోయింది సునీ. హార్ట్ ఎటాక్. హాస్పిటల్‌కి తీసుకెళ్లే టైమ్ కూడా ఇవ్వలేదు."

"ఏ అక్క?" అని అడిగాను. వాడికున్నది ఒక్కతే అక్క.

వెనక జనం తోస్తున్నారు. పక్కకి జరిగి మెట్టు మీదే కూర్చున్నాను.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. ప్రభక్క మా హౌరా రైల్వే క్వార్టర్స్ అమ్మాయి. మా అందరిలాగే శ్రీకాకుళం వైపు కుటుంబం. కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసి, ఇక్కడే ఒక ల్యాబ్‌లో మాస్ స్పెక్ట్రోమీటర్ నడిపేది.

"ఏటే ఆ మెషీన్ చేసేది?" అని మా అమ్మ ఒకసారి అడిగింది.

"వస్తువు మీద వేడి గ్యాస్ ఊదుతాం పిన్నీ. పైన అంటుకున్నది రవ్వంత లేస్తాది. దాని బరువు తూచి అదేటో చెప్తాది. వస్తువుకి ఏటీ అవదు."

అమ్మ నవ్వింది.

తర్వాత కొన్నాళ్లకి మా చర్చిలో బాప్తిస్మం భోజనాలు. వంట అమ్మది. భోజనాలు ముగుస్తుండగా పిల్లలకి వాంతులు మొదలయ్యాయి. ఒకరి తర్వాత ఒకరికి. నోట్లోంచి చొంగ. కంటిపాపలు ఆవగింజల్లా చిన్నవైపోయాయి.

మా అన్నయ్య కొడుకు చింటు నా చేతుల్లోనే వాలిపోయాడు.

హాస్పిటల్‌లో డాక్టర్ చూడగానే పురుగుమందు అన్నాడు. ఇంజెక్షన్ మొదలుపెట్టాడు. కానీ ఏ రకం పురుగుమందు? రెండో మందు ఇవ్వాలా వద్దా అన్నది దాన్నిబట్టే ఉంటుందట.

ఇంకో భయం. మిగిలిన వంటలు అప్పటికే డబ్బాల్లో క్వార్టర్స్ అంతా పంచేశారు. వాటిలో దేంట్లో ఉంది విషం?

చర్చి ముందు జనం మూగారు. పోలీసులు వచ్చారు. పొద్దున "వొదినా" అని పిలిచిన ఆవిడే "ఆ ముసల్ది ఏటి కలిపేసిందో" అంది.

అమ్మ వంటగది గడప మీద కూలబడింది. "నానేటి కలిపినానే? నానేటి కలుపుతాను?" అదే మాట, మళ్లీ మళ్లీ.

అప్పుడు వచ్చింది ప్రభక్క. నేరుగా దారోగా, అంటే ఎస్సై, దగ్గరికి వెళ్లి వంటసామాన్లు తన ల్యాబ్‌లో పరీక్షిస్తానంది. సాక్ష్యాలు ప్రభుత్వ ల్యాబ్‌కే పంపాలి, ఇవ్వను అన్నాడాయన.

"పంపండి దాదా," అంది బెంగాలీలో. "నేను కొయ్యను, కడగను, కరిగించను. మీరిచ్చింది ఇచ్చినట్టే వెనక్కి ఇస్తాను. మీ కానిస్టేబుల్‌ని నా పక్కనే కూర్చోబెట్టండి. అక్కడ పిల్లలకి టైమ్ లేదు."

ఆయన ఒప్పుకున్నాడు.

వండిన గిన్నెలు, గరిటెలు, పులిహోర ఆరబెట్టిన టార్పాలిన్ పట్టా, అన్నీ విడివిడి కవర్లలో పెట్టింది. తర్వాత అమ్మ ముందు కూర్చుంది.

"పిన్నీ, చీర మార్చుకో. ఇది కూడా కావాలి."

నాకు ఒళ్లు మండిపోయింది. "అమ్మ మీద అనుమానమా నీకు?"

"లేదు సునీ. కానీ ఏటి వస్తే అదే చెప్తాను. పిన్ని దగ్గరున్నా సరే, చెప్తాను."

ల్యాబ్‌కి ఆమెతో నేనూ వెళ్లాను. హౌరా బ్రిడ్జి మీద ట్యాక్సీ ఇరుక్కుపోయింది. కానిస్టేబుల్ కవర్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ల్యాబ్‌లో మొదట గరిటె పెట్టింది. కొన్ని సెకన్లు, అంతే. ఏమీ లేదు. గిన్నె అంచు. ఏమీ లేదు.

తర్వాత అమ్మ చీరచెంగు.

స్క్రీన్ మీద ఒక గీత పైకి లేచింది.

ప్రభక్క చెంగు కొంచెం జరిపి మళ్లీ పెట్టింది. మళ్లీ లేచింది.

"ఉంది," అంది.

కానిస్టేబుల్ ఫోన్ తీశాడు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "అక్కా, ప్లీజ్. చీర సంగతి చెప్పొద్దు."

"చెయ్యి వదులు సునీ. ఇంకా అవలేదు."

టార్పాలిన్ విప్పింది. ఒక అంచులో ఏమీ లేదు. మధ్యలో కొద్దిగా. నాలుగో మూల దగ్గరికి వచ్చేసరికి అదే గీత స్క్రీన్ పైఅంచు దాకా పోయింది. కంటికి అక్కడ మరక కూడా లేదు.

మొదటి ఫోన్ డాక్టర్‌కి చేసింది. "ఆర్గానోఫాస్ఫేట్. రెండో మందు ఇవ్వండి."

నావైపు తిరిగి, "పులిహోర ఎవర్నీ ముట్టుకోవద్దను. ఇప్పుడే" అంది.

ఆ తర్వాతే దారోగాకి చేసింది. "చీర మీద ఉంది, అలాగే రాస్తాను. కానీ వండిన గిన్నెకీ గరిటెకీ లేదు. పట్టా మూల నిండా ఉంది. వండినప్పుడు లేనిది ఆరబెట్టాక వచ్చింది. ఆమె ఆ పట్టా పక్కనే కూర్చుంది, చెంగు తగిలింది."

సాయంత్రానికి టేబుళ్లు అద్దెకిచ్చే డెకరేటర్ మనిషి నిజం చెప్పాడు. టేబుళ్లతో పాటు ఆ పట్టా తెచ్చింది అతనే. బడ్జ్ బడ్జ్‌లో ఒక గోడౌన్‌లో పురుగుమందు బస్తాల మీద కప్పిన పట్టాయేనట. కడిగాం కదా అనుకున్నాడట.

పిల్లలందరూ బతికారు. చింటు అందరికంటే ఆఖర్న ఇంటికొచ్చాడు.

ఆ రోజు ప్రభక్క తిరిగి రాగానే అమ్మ అడిగింది, "నా సీర మీద ఉందని సెప్పేసినావటే?"

"చెప్పాను పిన్నీ. అది దాస్తే, పట్టా మీద ఉందన్నా ఎవులు నమ్ముతారు?"

అమ్మ ఆమె భుజం మీద తల పెట్టి భోరుమంది.

నిన్న అమ్మని తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. అమ్మ శవపెట్టె పక్కన కూర్చుని ప్రభక్క నుదురు నిమిరింది. "నా కోసం అబద్దం ఆడనేదు ఈ గుంట," అని వచ్చినవాళ్లందరికీ చెప్పింది.

ఇక నిన్నెవరూ ఏదీ దాచమని బతిమాలరు ప్రభక్కా. ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండు.