బిజిలీ సీమంతం

మా వీధి కరీముల్లాకు చెబితే వినే అలవాటు లేదు. ప్రొద్దుటూరు పెళ్లికొడుకులను ఊరేగించే తెల్లగుర్రం బిజిలీ ఆయనది. మూఢంలో పెళ్లిళ్లు ఉండవు కదా అని దాన్ని పెన్నా ఒడ్డున మేతకు వదిలాడు. తిరిగొచ్చేసరికి దాని పక్కటెముకలు తేలి, పొట్ట మాత్రం కిందికి జారింది.

“నీళ్లు పోసుకున్నట్టుండాది,” అంది ఆయన భార్య అఖ్తర్ బీ.

పిల్లల్లేని ఇల్లు. ఆ ఒక్క మాటకే మొగుడూ పెళ్లాలు నేల మీద నిలవలేదు. పూజారి గారి భార్య లక్ష్మీకాంతమ్మ ఓళిగలు చేసుకొచ్చి, గుర్రం మెడలో పచ్చగాజుల దండ వేసి సీమంతం జరిపించింది. నేనూ సిగ్గులేకుండా వెళ్లి అక్షింతలు వేశాను. బిజిలీ వాటిని నాకి తినేసింది.

కొన్నాళ్లకు అది మేత ముట్టడం మానేసి తల వేలాడేసింది. కరీముల్లా బలం మందు కోసం పశువుల డాక్టరు కీర్తనను పిలుచుకొచ్చాడు. ఆ అమ్మాయి గుర్రం చిగుళ్లు చూసింది, లోపల చెయ్యి పెట్టి చూసింది.

“కడుపులో పిల్ల లేదు మామా, పురుగులుండాయి. రక్తమంతా తాగేసినాయి. ఈ పొద్దే మందు పడకపోతే గుర్రం దక్కదు.”

“కడుపుతో ఉండేదానికి పురుగుల మందేందమ్మా? నేనొప్పుకోను.”

“మగగుర్రం యాడ కలిసింది మరి?”

“పెన్నా కాడ. జమ్మలమడుగు జిలానీది. నా కండ్లతో చూసినా.”

ఆమె జిలానీకి ఫోన్ చేయించి, అందరికీ వినబడేట్టు పెట్టింది.

“నా గుర్రానికి విత్తులు కొట్టించి శానా ఏండ్లయింది మామా,” అన్నాడు జిలానీ.

వీధిలో ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం పెదవి కొరుక్కున్నాను. కరీముల్లా తనే గుర్రం నోరు పట్టుకుని, “మందు పొయ్యమ్మా,” అన్నాడు.

మరునాడు లద్దెలో పురుగులు ఉండలు ఉండలుగా పడ్డాయి. అఖ్తర్ బీ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అంతవరకు ఆపుకున్న నవ్వు నాకు మళ్లీ రాలేదు.

బిజిలీ కోలుకుంది. లద్దె పక్కనే మేత వేయడం వల్ల పురుగులు పడతాయని ఇప్పుడు కరీముల్లా కనబడిన వాళ్లందరికీ పాఠం చెబుతాడు, గుర్రం లేని వాళ్లకు కూడా. గాజుల దండ మాత్రం తీయలేదు. మొన్న పులివెందుల పెళ్లిలో ఎవరో అడిగారు.

“గుర్రానికి గాజులేందప్పా?”

“మా ఇంట్లో సీమంతం జరిగింది.”

“బిడ్డ యాడ?”

కరీముల్లా బిజిలీ మెడ నిమిరాడు. “ఇదే.”